నాలుగు గోడల మీద ప్రొజెక్టర్లా, వీధి గోడ మీద నీలం గీతా?

ఒక మాస్టారు నన్ను అడిగిన విషయం క్లుప్తంగా ఇది. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు, సింగ్ నగర్ వైపు ఒక కాలనీ సంఘం వాళ్ళు కలిసి, బుడమేరు వాగుకు వరద వచ్చిన రోజు గుర్తుగా వాతావరణ మార్పు మీద ఇమ్మర్సివ్ ఆర్ట్ ప్రదర్శన పెట్టాలనుకుంటున్నారు. ఒక కల్యాణ మండపం మూడు రోజులు ఉచితంగా దొరుకుతోంది. చేతిలో మూడు లక్షలున్నాయి. ఒక ఈవెంట్ కంపెనీ వాళ్ళు పది వీఆర్ హెడ్‌సెట్లు (కళ్ళకు తగిలించుకుంటే కృత్రిమ లోకం చూపించే పరికరాలు), గోడల నిండా ప్రొజెక్షన్, కరిగే హిమానీనదాలు, తెల్ల ఎలుగుబంట్లు అంటూ కొటేషన్ ఇచ్చారు. దీనివల్ల జనంలో ఏమైనా కదలిక వస్తుందా, లేక ఫొటోలు దిగి వెళ్ళిపోతారా అన్నది ఆయన ప్రశ్న.

నా సమాధానం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ కొటేషన్ వద్దు మాస్టారూ. 2024 సెప్టెంబర్‌లో మీ వీధుల్లో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో, సరిగ్గా ఆ ఎత్తున గోడల మీద ఒక నీలం గీత గీయించండి. ఆ గీత వెంట జనాన్ని నడిపించండి. మండపాన్ని ఆ నడక ముగిసే చోటుగా వాడుకోండి. ఎగ్జిబిషన్లు, సైన్స్ గ్యాలరీలు డిజైన్ చేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఈ రకం పనులు ఎక్కడ జరిగినా, వాటి తర్వాత జనంలో ఏం మిగిలిందన్నది వెతికి చదువుతాను. ఆ చదువు, ఈ అనుభవం కలిసి చెప్పిస్తున్న మాట ఇది.

ఇమ్మర్సివ్ ఆర్ట్‌లో మనిషి బొమ్మ ముందు నిలబడడు, లోపలికి వెళ్తాడు. వెలుగు, చప్పుడు, వాసన, తడి, చలి ఒంటికి తగులుతాయి. అందుకే అది ఉపన్యాసం చేయలేని పని చేస్తుంది. ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీలు పెరిగిందని చెబితే బుర్రకు ఎక్కుతుందేమో గానీ ఒంటికి ఏమీ తెలియదు. ఇంతవరకు ఈవెంట్ కంపెనీ వాళ్ళు చెప్పేదీ నిజమే. ఒళ్ళు దేన్ని తెలుసుకుంటోంది, తెలుసుకున్నాక కాళ్ళు ఎటు వెళ్ళాలి అన్న రెండు ప్రశ్నలకు మాత్రం వాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

ముందు అందరూ గొప్పగా చెప్పుకునే పని ఒకటి చూద్దాం. 2003 అక్టోబర్‌లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం టర్బైన్ హాల్‌లో ఓలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు 'ది వెదర్ ప్రాజెక్ట్' పేరుతో ఒక కృత్రిమ సూర్యుణ్ణి పెట్టాడు. సగం వృత్తంగా అమర్చిన పసుపు దీపాలు, పైకప్పు నిండా అద్దాలు, గాలిలో సన్నటి పొగమంచు. అద్దంలో ప్రతిబింబం కలిసి సగం సూర్యుడు నిండు సూర్యుడిలా కనిపించాడు. ఆ వెలుగులో రంగులన్నీ పోయి పసుపు, నలుపు మాత్రమే మిగిలాయి. 2004 మార్చి దాకా 20 లక్షల మందికి పైగా చూశారు. వచ్చినవాళ్ళు నేల మీద వెల్లకిలా పడుకుని, పైన అద్దంలో చిన్నగా కనిపిస్తున్న తమను తాము వెతుక్కున్నారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు పక్కపక్కన పడుకుని చేతులూ కాళ్ళూ కలిపి ఆకారాలు చేశారు. నాకు ఇందులో సూర్యుడికన్నా ఆ పడుకున్న జనమే ముఖ్యం. ఒకే ఆకాశం కింద ఉన్నామని ఒకరినొకరు చూసుకుని తెలుసుకున్నారు. వీఆర్ హెడ్‌సెట్ తలకు తగిలించుకున్న మనిషికి పక్కన కూర్చున్న సొంత బిడ్డ కూడా కనబడదు.

ఇక మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా జవాబు చెప్పేది 'పొల్యూషన్ పాడ్స్'. 2017లో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో మైకేల్ పిన్‌స్కీ అనే బ్రిటిష్ కళాకారుడు దీన్ని నిలబెట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు, కళ వల్ల వాతావరణ మార్పు పట్ల మనుషుల్లో ఏమైనా కదులుతుందా అని పరిశోధిస్తున్నారు. ఆ పరిశోధనలో భాగంగానే ఈ పని పుట్టింది. కళాకారుడు, శాస్త్రవేత్త మొదటి నుంచి కలిసి పనిచేయడం అరుదు కాబట్టి ఇది నాకు విలువైన ఉదాహరణ.

ఐదు పారదర్శకమైన గుమ్మటాలు, ఒకదానికొకటి దారి కలిపి వలయంగా అమర్చారు. ఒక్కో గుమ్మటంలో ఒక్కో ఊరి గాలి. నార్వేలోని టౌట్రా ద్వీపపు శుభ్రమైన గాలితో మొదలై లండన్, ఢిల్లీ, సావో పావులో, బీజింగ్. నిజంగా విషం పెట్టలేరు కాబట్టి హాని చేయని పదార్థాలతో ఆ ఊళ్ళ వాసనను, పొగమంచును, వేడిని, తేమను పునఃసృష్టి చేశారు. ఐదు నిమిషాల్లో మనిషి ఐదు ఊళ్ళ గాలి పీల్చి బయటికొస్తాడు. ఢిల్లీ గుమ్మటంలోకి అడుగుపెట్టగానే గొంతు పట్టేసి, త్వరగా దాటేయాలనిపిస్తుంది. అక్కడ పుట్టి పెరిగే పిల్లలకు దాటిపోయే తలుపు లేదన్న సంగతి ఏ బోర్డూ రాయనక్కర్లేకుండానే తెలుస్తుంది.

మరుసటి ఏడాది లండన్‌లోని సోమర్‌సెట్ హౌస్‌లోనూ పెట్టారు. రెండు చోట్లా కలిపి 2,662 మంది సందర్శకులను పరిశోధకులు ప్రశ్నించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ఏదైనా చేయాలన్న ఉద్దేశం జనంలో బలంగానే ఉంది, గుమ్మటాల్లోంచి బయటికొచ్చాక కొంచెం పెరిగింది కూడా. విచారం, కోపం, నిస్సహాయత లాంటి భావాలు ఎక్కువగా కలిగినవాళ్ళలో ఆ ఉద్దేశం ఇంకా బలంగా కనిపించింది. కానీ బయటికొచ్చాక, తమ కర్బన ఉద్గారాలను లెక్కపెట్టుకునే అవకాశం ఒకటి చేతికిస్తే, దాదాపు ఎవరూ వాడుకోలేదు.

మాస్టారూ, ఈ ఒక్క ఫలితాన్ని మీ కమిటీ వాళ్ళందరికీ చదివి వినిపించండి. అంత ఖర్చుతో, అంత శ్రద్ధగా, శాస్త్రవేత్తలు పక్కన ఉండి చేసిన పనికే చివరి మెట్టు దగ్గర కాలు ఆగిపోయింది. కళ ఓడిపోయిందని నేను అనను. గుండె కదిలిన మనిషికి చేతికిచ్చిన పని సరిపోలేదు. లోపల ఊపిరాడక, ఊరంతటి బాధ అనుభవించి వచ్చినవాడికి, ఒంటరిగా కూర్చుని సొంత లెక్కలు రాసుకోమనడం ఎంత దూరం? పక్కన ఇంకో నలుగురితో కలిసి అక్కడికక్కడే చేయగల పని ఉండి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

దీనికి తోడు ఇంకో పరిశోధన ఉంది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సమయంలో ఆ నగరంలో ఆర్ట్‌కాప్21 పేరుతో జరిగిన కళా కార్యక్రమంలోని 37 కళాఖండాల మీద 874 మంది ప్రేక్షకుల స్పందన సేకరించారు. భయపెట్టే ప్రళయ దృశ్యాలు, హాయిగొలిపే కలల లోకాలు, పురాణ కల్పనల్లాంటివి, అబ్బురపరుస్తూ పరిష్కారం చూపేవి అని నాలుగు గుంపులు తేలాయి. జనం మనసునూ ఆలోచననూ ఎక్కువగా కదిలించింది చివరి గుంపే. ఈవెంట్ కంపెనీ కొటేషన్ మొత్తం మొదటి గుంపులోకి వస్తుంది.

మంచు సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే మీ కొటేషన్‌లో హిమానీనదాలు ఉన్నాయి, నిజమైన మంచుతో ఎలా చేశారో తెలిస్తే తెర మీది మంచు ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. ఇదే ఎలియాసన్, గ్రీన్‌లాండ్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి 'ఐస్ వాచ్' చేశారు. గ్రీన్‌లాండ్ మంచు పలక నుంచి అప్పటికే విరిగి సముద్రంలో తేలుతున్న ముక్కలను పట్టి, శీతల కంటైనర్లలో తెచ్చి, ఊరి నడిబొడ్డున పెట్టారు. 2014లో కోపెన్‌హాగెన్‌లో, 2015 డిసెంబర్‌లో పారిస్ సదస్సు వేళ పాంథియన్ భవనం ముందు పన్నెండేసి ముక్కలను గడియారం ముఖంలా గుండ్రంగా, 2018 డిసెంబర్‌లో లండన్‌లో ఇంకా ఎక్కువ ముక్కలను. జనం చేతులతో తడిమారు, చెవి ఆనించి విన్నారు. వేల ఏళ్ళ కిందట మంచులో చిక్కుకున్న గాలి బుడగలు కరిగేటప్పుడు చిటపటమంటాయి. పిల్లలు నాలుకతో రుచి చూశారు. రోజులు గడిచేకొద్దీ ముక్కలు చిన్నవై నీళ్ళైపోయాయి.

ఇక్కడ ఒంటికి తగిలింది అబద్ధం కాదు, అసలు వస్తువు. దాని ఖర్చునూ వాళ్ళు దాచలేదు. పారిస్ ప్రదర్శన వల్ల 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడ్డాయని లెక్క వేయించి బయటపెట్టారు. ముప్పై మంది విమానంలో పారిస్ నుంచి గ్రీన్‌లాండ్ వెళ్ళి రావడంతో సమానమట. మీ ప్రదర్శనకు డీజిల్ జనరేటర్, ఏసీలు, ఫ్లెక్సీలు ఎన్ని వాడారో మీరు కూడా గేటు దగ్గర ఒక బోర్డు మీద రాయండి. అడిగేవాడు ఎలాగూ అడుగుతాడు. మీరే ముందు చెబితే మీ మాటకు విలువ ఉంటుంది. ఫ్లెక్సీలు అసలు వద్దు. గుడ్డ బ్యానర్ల మీద రాసే ఆర్టిస్టులు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారు.

అసలు వస్తువు అంటే గ్రీన్‌లాండ్ దాకా వెళ్ళనక్కర్లేదు. 2018 నవంబర్‌లో ఢిల్లీలో సర్ గంగారామ్ ఆసుపత్రి బయట పెద్ద తెల్లటి ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి నిలబెట్టారు. గాలిని వడగట్టే ఫిల్టర్ గుడ్డతో చేసి, వెనక ఫ్యాన్లు పెట్టారు. ఊరి గాలి దానిగుండా వెళ్ళేలా చేశారంతే. వారం తిరక్కముందే ఆ తెలుపు నల్లబడిపోయింది. రోజూ అటు వెళ్ళేవాళ్ళు రోజూ చూశారు. ఇందులో నటన లేదు, యానిమేషన్ లేదు, ఖర్చూ తక్కువే.

వీఆర్‌ను పూర్తిగా కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ బృందం చేసిన ఒక ప్రయోగం నాకు ఇష్టం. 2014లో ప్రచురించారు. వీఆర్‌లో రంపంతో చెట్టును కోయించారు, చేతిలోని పరికరం నిజం రంపంలా అదిరింది. చెట్టు కూలింది. తర్వాత మామూలుగా నీళ్ళు ఒలికినట్టు చేసి తుడవమంటే, వీఆర్‌లో చెట్టు కోసినవాళ్ళు, అదే విషయాన్ని చదివి ఊహించుకున్నవాళ్ళకన్నా 20 శాతం తక్కువ కాగితపు నాప్కిన్లు వాడారు. అనుభవం ఒక్క చెట్టు గురించి, పని ఒక్క కాగితం గురించి, రెండింటి మధ్యా దూరం లేదు. అందుకే పనిచేసిందని నేననుకుంటాను.

కానీ మీ మండపంలో లెక్క చూడండి. ఏడు నిమిషాల షో, తగిలించడానికీ తుడవడానికీ మూడు నిమిషాలు. ఒక్కో హెడ్‌సెట్‌కు గంటకు ఆరుగురు. పది హెడ్‌సెట్లు ఒక్కటి కూడా మొరాయించకుండా రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే మూడు రోజుల్లో 1,440 మంది. వచ్చేవాళ్ళలో కళ్ళజోడు ఉన్నవాళ్ళు, తలలో పూలు పెట్టుకున్నవాళ్ళు, తల తిరిగేవాళ్ళు, కరెంటు పోతే బయట ఉక్కలో నిలబడేవాళ్ళు. లైనులో నలభై నిమిషాలు నిలబడ్డ ముసలమ్మ మనసులో వాతావరణం ఉండదు, ఎప్పుడు కూర్చుంటానా అని ఉంటుంది. చిన్న పిల్లలకు హెడ్‌సెట్లు వద్దని తయారుచేసే కంపెనీలే చెబుతాయి. మీకు వచ్చేవాళ్ళలో సగం మంది చిన్న పిల్లలే కదా.

ఇక గీత దగ్గరికి వద్దాం. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

2007లో న్యూయార్క్‌లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి బేస్‌బాల్ మైదానంలో సున్నం గీతలు వేసే బండిని తోసుకుంటూ బయల్దేరింది. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తున్న చోట్లను కలుపుతూ బ్రూక్లిన్‌లో, దిగువ మాన్‌హాటన్‌లో సుమారు 70 మైళ్ళ పొడవున గీత గీసింది. పెద్ద తుపాను వస్తే నీళ్ళు ఇక్కడిదాకా రావచ్చు అన్నది ఆ గీత అర్థం. ఏంటమ్మా గీస్తున్నావని రోడ్డున పోయేవాళ్ళు ఆపి అడిగారు, ఆమె చెప్పింది. ఆ మాటలే అసలు పని, గీత ఒక వంక. 2012లో సాండీ తుపాను వచ్చినప్పుడు నీళ్ళు చాలా చోట్ల దాదాపు ఆ గీత దాకా వచ్చాయి.

2018లో స్కాట్లండ్ పడమటి దీవుల్లో, నార్త్ యూయిస్ట్‌లోని లోక్‌మాడీ అనే ఊళ్ళో ఫిన్లండ్ కళాకారులు పెక్కా నీట్టివిర్టా, టిమో ఆహో అదే పనిని వెలుగుతో చేశారు. ఇళ్ళ గోడల మీద, గడ్డి నేల మీద తెల్లటి కాంతి రేఖలు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు సెన్సర్లు గుర్తించి వాటిని వెలిగిస్తాయి. మున్ముందు నీళ్ళు ఎంత ఎత్తుకు రావచ్చో చీకట్లో కనిపిస్తుంది.

వీళ్ళంతా రాబోయే నీటిని ఊహించి గీశారు. మీకు ఆ ఊహ అక్కర్లేదు. మీకు నీళ్ళు వచ్చేశాయి. సెప్టెంబర్ 1న తెల్లారేసరికి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్లు మునిగిపోయి, కొన్ని చోట్ల వారం దాటినా నీళ్ళు తీయలేదు. ఆ కాలనీలు దాటి ఊళ్ళో మిగతా భాగానికి వెళ్తే, అది టీవీలో చూసిన సంగతిగానే మిగిలింది. గీత అవసరం వాళ్ళకే ఎక్కువ. మీ ప్రేక్షకులు ఎవరో ఇప్పుడే తేల్చుకోండి: మునిగినవాళ్ళు చెప్పేవాళ్ళు, మునగనివాళ్ళు వినడానికి వచ్చేవాళ్ళు. మునిగినవాళ్ళకు వరద అంటే ఏమిటో మళ్ళీ చూపించాల్సిన పని లేదు. స్పీకర్లలో నీళ్ళ హోరు, కేకలు, చీకట్లో తడి లాంటివి దయచేసి పెట్టకండి. ఆ రాత్రి డాబా మీద పసిబిడ్డతో గడిపిన తల్లికి అది కళ కాదు, గాయాన్ని కెలకడం. చనిపోయినవాళ్ళ ఫొటోలు కుటుంబం కోరి ఇస్తే తప్ప వద్దు.

గీత ఎంత ఎత్తులో గీయాలో ఎలా తెలుస్తుందంటే, గోడల మీది మరకలు చాలా వరకు సున్నాలతో, రంగులతో పోయి ఉంటాయి. ఫోన్లలో ఫొటోలు, వీడియోలు మాత్రం ఉంటాయి. మీ పిల్లలను ఇంటింటికీ పంపండి. కిటికీ గ్రిల్‌లో ఎన్నో కమ్మీ దాకా నీళ్ళున్నాయి, గేటు గొళ్ళెం మునిగిందా, కరెంటు మీటరు దాకా వచ్చాయా అని ఫొటోలో చూసి, ఆ చోటే టేపుతో కొలవాలి. ఒక వీధిలో నాలుగైదు ఇళ్ళలో దొరికిన గుర్తులను మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో కలిపి సరిచూడండి. నీళ్ళు నింపిన ఆ పారదర్శకమైన గొట్టం కంటే నమ్మకమైన పరికరం ఇంత తక్కువలో దొరకదు. వీధి నుంచి వీధికి వెళ్ళేటప్పుడు మీ ఊళ్ళో ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగాన్ని ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ పరికరంతో రమ్మనండి. ఒకే ఎత్తును కాలనీ అంతటికీ వర్తింపజేయకండి. పారే వరద నీరు చెరువులా సమంగా ఉండదు, పై వీధికీ కింది వీధికీ మట్టం మారుతుంది. ప్రతి వీధికీ ఆ వీధి గుర్తులే ఆధారం కావాలి. గీత ఒక్క జానెడు తప్పినా అక్కడున్నవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, మొత్తం పని మీద నమ్మకం పోతుంది. రెండు గుర్తులు పొసగకపోతే ఆ మేర గీత ఆపేయండి. ఖాళీ వదిలినా ఫర్వాలేదు.

గీత అరచేతి వెడల్పు ఉండాలి, ఒకే నీలం, ఎక్కడా బొమ్మలు వద్దు. ఇంటి యజమాని ఒప్పుకున్న గోడ మీదే వేయాలి. ప్రభుత్వ గోడలకు కార్పొరేషన్ అనుమతి ముందే రాసి తీసుకోండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నడక పెట్టండి. పదిహేను మందికి ఒక జట్టు, ముందు ఆ వీధి మనిషి. గీత కొన్నిచోట్ల నడుం దగ్గర ఉంటుంది, కొన్నిచోట్ల తల పైన. తల పైన ఉన్న గీత కింద నడుస్తున్నంతసేపూ ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఒళ్ళు దానంతట అది లెక్క వేసుకుంటుంది. గీత ఆగిన చోట ఒక ఇంటి అరుగు మీద ఆ ఇంటివాళ్ళు ఏం జరిగిందో రెండు నిమిషాలు చెప్పాలి. మంచం మీద మంచం వేసిన సంగతి, డ్రోన్ల నుంచి ఆహారం పొట్లాలు పడ్డ సంగతి, సర్టిఫికెట్లు తడిసిన సంగతి. వాళ్ళ మాటల్లోనే, మీరు రాసిచ్చిన మాటల్లో కాదు. చెప్పేవాళ్ళకు డబ్బివ్వండి. ఆ సాయంత్రం కూలి పోగొట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు వాళ్ళు.

మండపంలో ఏం పెట్టాలి? నేల మీద మ్యాప్. మైలవరం వైపు కొండల నుంచి కొల్లేరు దాకా బుడమేరు మొత్తం, ఆ కాలనీ ఆడవాళ్ళు ముగ్గుపిండితో వేయాలి. గీత మీద ఇంత పట్టున్న చేతులు మీకు ఏ ఆర్ట్ కాలేజీలోనూ దొరకవు. జనం చెప్పులు విప్పి వాగు పక్కన నడుస్తారు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నిలబడి, ఇక్కడి నుంచి నీళ్ళను డైవర్షన్ కాలువలో కృష్ణలోకి మళ్ళిస్తారని, కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్ళు లోపలికి పోలేవని, ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిందని మీ విద్యార్థి చెప్పాలి. డైవర్షన్ కాలువ గట్టుకు గండ్లు పడ్డ చోట ముగ్గు తెగిపోయి కనిపించాలి. వాగు ఇరుకైన చోట్ల ముగ్గు నిజంగానే ఇరుకుగా ఉండాలి, రెండు కాళ్ళు పట్టనంత.

ఇక్కడ ఒక జాగ్రత్త. వరదంతా వాతావరణ మార్పు వల్లే అని బోర్డు రాస్తే అది పూర్తి నిజం కాదు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, అందుకే కుండపోత వానలకు బలం పెరుగుతుంది. ఇది భౌతిక శాస్త్రం, ధైర్యంగా చెప్పండి. దాని పక్కనే గట్టు, ఆక్రమణ, పూడిక, డ్రెయిన్ కూడా చెప్పండి. వాతావరణం పేరు చెప్పి ఊళ్ళో జరిగిన తప్పులను కప్పేశారని కాలనీవాళ్ళు అనుకుంటే మీ ప్రదర్శన అక్కడితో అయిపోతుంది.

మ్యాప్ చివర కొల్లేరు. వెలుతురు తగ్గించి, పక్షుల చప్పుడు మాత్రం వినిపించండి. కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళి గూడకొంగల శబ్దాలు రికార్డు చేసుకురావచ్చు. ఒక మంచి రికార్డరు, రెండు స్పీకర్లు చాలు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైనదిగా గుర్తించిన చిత్తడి నేల. దాన్ని చేపల చెరువులు ఆక్రమించుకుంటూ రావడం, 2006లో ప్రభుత్వం వాటి గట్లు కొట్టించడం పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. సింగ్ నగర్‌లో నిలిచిన నీళ్ళు చివరికి వెళ్ళాల్సింది అక్కడికే. కొల్లేరుకు చోటు లేకపోతే మన వీధి నీళ్ళకూ దారి లేదని కాళ్ళతో నడిచి తెలుసుకుంటారు. ప్రకృతిని కాపాడాలి అనే మాట విడిగా రాయనక్కర్లేదు.

రాత్రికి బుర్రకథ పెట్టండి. ఇది పాతదని మీ పిల్లలు పెదవి విరవవచ్చు. 1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ దాన్ని బుర్రకథగా కట్టి ఊరూరా తిరిగి చెప్పారు. వందల మైళ్ళ దూరాన చచ్చిపోతున్నవాళ్ళ ఆకలి గుంటూరు జిల్లా రైతు గడపలోకి వచ్చింది తంబూర, డక్కీల మీదే. ఒక కథకుడు, ఇద్దరు వంతలు, మైకు. హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత విడివిడిగా ఉండడం ఈ పనికి అతికినట్టు సరిపోతుంది, గట్లూ గండ్లూ గురించి ప్రశ్న అడగాల్సింది రాజకీయ వంతే. కథలో మీ వీధుల పేర్లు, మీ పడవ నడిపిన కుర్రాడి పేరు అతని అనుమతితో రావాలి. దళం వాళ్ళకు నెల ముందు విషయం ఇవ్వండి, కాలనీకి తీసుకొచ్చి మనుషులను కలపండి.

ఇప్పుడు పొల్యూషన్ పాడ్స్ తడబడ్డ చోటు, బయటికెళ్ళే తలుపు. దీనికి నాకు దారి చూపింది జర్మనీలోని కాసెల్‌లో కళాకారుడు జోసెఫ్ బాయ్స్ చేసిన పని. 1982లో ఆయన మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్ళు కుప్ప పోయించాడు. ఊళ్ళో ఒక చెట్టు నాటితేనే ఒక రాయిని కుప్ప నుంచి తీసి ఆ చెట్టు పక్కన పాతాలి. కుప్ప తరగాలంటే ఊరు చెట్లు నాటాలి. రోజూ అటు వెళ్ళే ప్రతివాడికీ ఎంత పని మిగిలిందో కనిపిస్తుంది. ఐదేళ్ళు పట్టింది. ఆయన 1986లో చనిపోయాడు, 1987లో చివరి చెట్టును ఆయన కొడుకు నాటాడు.

మీరు మండపం గేటు దగ్గర కొలత కర్రలు కుప్పగా పెట్టండి. ఎర్ర, తెలుపు రంగుల్లో అడుగులు గుర్తుపెట్టిన నిలువెత్తు ఇనుప గొట్టాలు, వీధికి ఒకటి చొప్పున. ఒక వీధివాళ్ళు కనీసం పది ఇళ్ళు కలిసి ఒక కాగితం నింపితే ఒక కర్ర తీసుకెళ్ళి తమ వీధి మొదట్లో పాతుకోవచ్చు. కాగితంలో ఉండాల్సినవి: మంచం దిగలేనివాళ్ళు ఎవరు, గర్భిణులు ఎవరు, ఎవరి డాబా మీదికి అందరూ చేరాలి, తాడు, లైఫ్ జాకెట్లు ఎక్కడ, అర్ధరాత్రి నీళ్ళు కర్ర మీద రెండో అడుగు దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి. దాన్ని మండపంలోనే బల్ల మీద కూర్చుని, మీ విద్యార్థి సాయంతో, గంటలోపు నింపేలా చూడండి. ఇంటికి పట్టుకెళ్ళి తెస్తామంటే తిరిగి రావు. ఊళ్ళో మునగని వైపు నుంచి వచ్చినవాళ్ళకు వేరే పని: బుడమేరు ఆక్రమణలు, కాలువ విస్తరణ పనులు ఎంతవరకు వచ్చాయో అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు. నమూనా అచ్చు వేసి పెట్టండి, పదిమంది కలిసి సంతకం చేసి మరుసటి రోజే పంపాలి.

డబ్బు ఇలా పంచుతాను: సగం కొలత కర్రలకు, గీతకు, కొలతల పనికి. పావు వంతు మాట చెప్పేవాళ్ళకు, ముగ్గు వేసేవాళ్ళకు, బుర్రకథ దళానికి. మిగిలిన పావులో శబ్దం, లైట్లు, మంచినీళ్ళు, కొంత చేతిలో. మూడు ప్రశ్నలు తయారు చేసి, నడక మొదలయ్యే ముందు, అయ్యాక, మళ్ళీ మూడు నెలలకు అదే మనుషులను ఫోన్లో అడగండి. మీ వీధిలో ఆపదలో ఎవరికి ఫోన్ చేస్తారు, బుడమేరు ఎక్కడ కలుస్తుంది, ఈ మూడు నెలల్లో దీని గురించి ఎవరితోనైనా మాట్లాడారా. బాగుందా అని మాత్రం అడగకండి, అందరూ బాగుందనే అంటారు.

ముందు ఒక్క వీధి తీసుకుని జూన్‌లోనే కొలతలు మొదలుపెట్టండి. వానలు పడ్డాక గోడ ఆరదు, రంగు పట్టదు. మొదటి వీధిలో దొరికిన గుర్తుల ఫొటోలు, ఎత్తులు నాకు పంపితే పొసగనివి ఏవో చూసి చెబుతాను. కొలత కర్రల డ్రాయింగు ఈ వారంలో గీసి పంపిస్తాను. మీ ఊళ్ళో ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించుకోవచ్చు.